ఆరో వారంలో పోయిన అత్తగారు

ఆ శనివారం పొద్దున పెర్లిటా అనుకున్న పని చాలా చిన్నది. పందులకు కుడితి పోయాలి, కాఫీ కాచాలి, మొగుడు ఎలిసియో కిరాయికి నడిపే మోటారు ట్రైసికిల్ తీసుకుని స్టాండుకు వెళ్ళగానే వెనక వరండాలో ఫోను పట్టుకుని కూర్చోవాలి, మధ్యాహ్నం అన్నానికి లేచేలోపు దేశ చరిత్ర మొత్తం పూర్తి చేసెయ్యాలి. పొయ్యి మీద పులుసు ఎక్కించేటప్పటికి స్పెయిన్ వాళ్ళు ఓడ దిగుతారు, దించేటప్పటికి వాళ్ళు మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోతారు. అమెరికా వాళ్ళూ జపాను వాళ్ళూ మిగిలితే అన్నం తిన్నాక చూసుకోవచ్చు. మూడు వందల యాభై ఏళ్ళంటే ఎంతసేపు, మనిషి కుదురుగా కూర్చోవాలే గానీ!

పెర్లిటాకు నలభై ఒకటి. తలిసాయ్ ఊరి బాలవాడిలో పధ్నాలుగేళ్ళుగా పిల్లలకు పాటలు నేర్పుతోంది, ముక్కులు తుడుస్తోంది. ఊళ్ళో ఇప్పుడు మీసాలొచ్చిన మగపిల్లలు సగం మంది ఆమె చేత ముక్కు తుడిపించుకున్నవాళ్ళే. అంత చేసినా ఏం లాభం! డిగ్రీ లేనివాళ్ళను జూన్ దాటాక ఉంచేది లేదని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెర్లిటా డిగ్రీకి మిగిలింది ఒక్కటే పాఠం, చరిత్ర. ఇరవై ఏళ్ళ కిందట పెద్దపిల్ల కడుపులో ఉండగా వేవిళ్ళతో వదిలేసిన పాఠం అది. ఇప్పుడు నగరంలోని ఒక కాలేజీ దాన్ని ఆన్‌లైన్‌లో చెబుతుంటే చేరింది. ఎనిమిది వారాల కోర్సు. అది గట్టెక్కితే బాలవాడి ఉంటుంది, లేకపోతే లేదు.

చేరింది గానీ, ఆన్‌లైన్ అంటే ఏమిటో ఆమె మనసులో వేరే బొమ్మ ఉంది. ఫోనులో సీరియల్ ఉంటుంది చూడండి, మనం బట్టలు ఉతుక్కుని వచ్చేదాకా ఎక్కడ ఆపామో అక్కడే బుద్ధిగా నిలబడి ఉంటుంది. చరిత్ర కూడా అలాగే నిలబడి ఉంటుందనుకుంది. జరిగిపోయిన సంగతులే కదా, అవి ఇక ఎక్కడికి పోతాయి?

మొదటి వారం ఒక్కసారి తెరిచింది. పేరూ ఊరూ రాసింది. నిబంధనల కాగితం ఒకటి పొడుగ్గా, వాన వెలిశాక కనిపించే వానపాములా సాగుతూ వస్తే, కిందిదాకా వేలితో తోసేసి "చదివాను" అన్నచోట నొక్కింది. వెంటనే తెర మీద బంగారు రంగు రిబ్బను మెరిసింది. "అభినందనలు, పెర్లిటా! మీరు పూర్తి చేశారు!" అని పెద్దక్షరాల్లో. ఆమె పూర్తి చేసింది పేరు రాయడమే. ఆ సంగతి కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

అప్పుడే అత్తగారు పక్కన బియ్యం చెరుగుతోంది. ఆమె పేరు సెల్సా. డెబ్భై రెండేళ్ళ మనిషి. కొడుకూ కోడలే కాదు, ఊరు ఊరంతా ఆమెను నానయ్ అనే పిలుస్తుంది, అమ్మా అన్నట్టు. ఆ బంగారు రిబ్బను చూసి చేట కింద పెట్టింది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది నానయ్," అంది పెర్లిటా. ఆవేళకి అయిపోయింది అని ఆమె ఉద్దేశం.

ఆ తరవాత అయిదు వారాలపాటు కోడలు ఒక్కనాడూ పుస్తకం పట్టుకోలేదు, ఫోను ముందు కూర్చోలేదు. నానయ్‌కి అనుమానం ఎందుకొస్తుంది? చదువు అయిపోయింది కాబట్టే చదవడం లేదు, న్యాయమే కదా!

సరే, ఈ శనివారానికి వద్దాం. ఎలిసియో వెళ్ళాడు. పెర్లిటా వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని చరిత్ర తెరిచింది. ఒకటో వారం మీద తాళం బొమ్మ. రెండో వారం మీద తాళం. మూడు, నాలుగు, అయిదు, అన్నిటికీ తాళాలే, ఊరెళ్ళిపోయిన వాళ్ళ ఇళ్ళకు వేసినట్టు. ఏ వారం పాఠం ఆ వారం ఆదివారం సాయంత్రానికి మూసేస్తారట. వారానికి నలభై పేజీలు చదవాలట. చదివినదాని మీద తన అభిప్రాయం రాయాలట, రాసి ఊరుకోకుండా తోటి విద్యార్థుల్లో ఇద్దరి అభిప్రాయాలకు జవాబు చెప్పాలట. అభిప్రాయానికి ఆధారం చూపించాలట. పెర్లిటా పేరు కింద అయిదు సున్నాలు వరసగా, పిల్లకాయలు గోడ మీద గీసిన గుడ్లలా ఉన్నాయి.

తోటివాళ్ళ రాతలు మాత్రం కనిపిస్తున్నాయి. పందొమ్మిదేళ్ళ పిల్లలు, ఒకళ్ళనొకళ్ళు "మీ వాదన బాగుంది కానీ" అంటూ ఎంత మర్యాదగా కొట్టుకుంటున్నారో! మూడో వారంలో ఒక పిల్ల అడిగింది: "మన జట్టులో పెర్లిటా అనే ఆవిడ ఉన్నారు కదా, ఆవిడకి ఏమైనా అయిందా?" దాని కింద ఇంకో పిల్లవాడు: "పాపం, దేవుడు కాపాడుగాక."

పెర్లిటాకు చెవులు వేడెక్కాయి. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఫోను బోర్లా పెట్టి, కాసేపు కోళ్ళకేసి చూసింది. బాలవాడిలో పలకమీద అక్షరం దిద్దని పిల్లల్ని ఎన్నిసార్లు మందలించింది! ఇప్పుడు తన పలక అయిదు వారాలుగా ఖాళీ.

చివరికి మాస్టారికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. ఆయన పేరు బెనిల్దో. పాఠాల పైన చిన్న గుండ్రంలో ఆయన ముఖం ఉంది, కళ్ళజోడూ బట్టతలా. "సార్, నేను అయిదు వారాలు తెరవలేదు. తెరవాలని తెలియలేదు" అని రాసింది. చదువుకుంటే తనకే అసహ్యం వేసింది. కొట్టేసింది. "సార్, ఒంట్లో బాగుండక" అని రాసింది. జబ్బంటే డాక్టరు కాగితం అడుగుతారేమో. ఆరోగ్య కేంద్రంలో కాగితాలు రాసేది పినతల్లి కూతురు, దాని నోట్లో నువ్వుగింజ నానదు. కొట్టేసింది.

ఇక మిగిలింది చావు. చావుకి ఎవరూ కాగితం అడగరు. మరి ఎవర్ని చంపడం? కన్నవాళ్ళు ఎప్పుడో పోయారు, పోయినవాళ్ళని రెండోసారి చంపడం మహాపాపం. మొగుడంటే, నోటితో అనడానికే మనసు రాలేదు. మామగారు తుఫాను ఏడాదే పోయాడు. వేళ్ళు మడిచి చూసుకుంటే ఇంట్లో నానయ్ తప్ప చావడానికి అనువైన మనిషి కనిపించలేదు. డెబ్భై రెండేళ్ళు, వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. "సార్, మా అత్తగారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. ఆవిడ మా ఇంటికి మూలస్తంభం. చివరిదాకా వంటింట్లో పనిచేస్తూనే ఉన్నారు. అందువల్ల పాఠాలు..." అని రాసి, ఇక ఆలోచిస్తే చెయ్యి ఆడదని చటుక్కున పంపేసింది.

పంపి తలెత్తేసరికి మూలస్తంభం ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసూ, అరిటాకులో చుట్టి ఉడికించిన తీపి అన్నం పొట్లాలు రెండూ.

"ముఖం అలా వాడిపోయిందేమే? తిను. రేపటికి నువ్వు మెరిసిపోవాలి," అంది నానయ్.

"రేపు ఏముంది నానయ్?"

ముసలావిడ జవాబు చెప్పకుండా, పెళ్ళికూతురిలా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పెర్లిటా ఆ పొట్లాలు విప్పకుండానే పక్కన పెట్టేసింది.

పది గంటలకల్లా రేపు ఏముందో తెలిసింది. ఎలిసియో ట్రైసికిల్ మీద పొడుగాటి చుట్ట ఒకటి వేసుకుని వచ్చాడు. విప్పితే ఫ్లెక్సీ. పది అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల ఎత్తు. పైన పెర్లిటా ముఖం, బాలవాడి గుర్తింపు కార్డులోది, ఎవరిదో నల్లగౌను మెడ మీద తెచ్చి అతికించారు. వెనక నీలాకాశం, తెల్లమేఘాలు, ఎగిరే పావురాలు. ఆ ముద్రించేవాడి దగ్గర వెనక బొమ్మలు రెండే. పెళ్ళికి గులాబీలు, మిగతా అన్నిటికీ పావురాలు. కింద ఎర్రటి అక్షరాలు: "చరిత్ర జయించిన మా పెర్లిటాకు అభినందనలు! గర్వించే కుటుంబం."

ఆ ఊళ్ళో ఎవరైనా ఏదైనా పాసైతే గేటు మీద ఫ్లెక్సీ కట్టడం అన్నం తినడం అంత మామూలు. నర్సు పరీక్షకి కడతారు, పోలీసు పరీక్షకి కడతారు, అయిదో తరగతిలో మూడో బహుమతి వచ్చినా కడతారు. నానయ్ సెల్సా గేటు ఒక్కటే యాభై ఏళ్ళుగా బోడిగా ఉంది.

"నానయ్, ఇప్పుడే ఎందుకు..." అని నసిగింది పెర్లిటా.

"ఇప్పుడే ఏమిటే, అయిదు వారాలు ఓపిక పట్టాను," అంది నానయ్. "నాలుగో తరగతిలో మా నాన్న నన్ను బడి మానిపించి వరినాట్లకి తీసుకుపోయాడు. నా ఇంటి గేటు మీద చదువు ఇంతెత్తున ఉంటే చూసి పోదామని ఉంది. రేపు చర్చిలో పూజ అయ్యాక పెద్దపందిని కాలుస్తున్నాం. ఊరందరికీ చెప్పేశాను."

వచ్చే క్రిస్మస్‌కని మేపుతున్న పంది అది. నానయ్ దానికి తన చేత్తో చిలగడదుంపలు తినిపించేది. పెర్లిటా నోరు తెరిచింది. ముసలావిడ నిచ్చెన పట్టుకుని, "కొంచెం ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అని కొడుక్కి చెబుతోంది. ఆ ముఖం చూశాక తెరిచిన నోరు మూతపడింది. ఇవాళ రేపట్లో ఎలాగో పాఠాలన్నీ చేసేస్తే ఫ్లెక్సీ నిజమైపోతుంది కదా అనుకుంది. నిజమయ్యే అబద్ధం అబద్ధం కాదని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోలేదు గానీ ఊరుకుంది.

మధ్యాహ్నం మాస్టారి జవాబు వచ్చింది. "మీ దుఃఖంలో నేనూ పాలుపంచుకుంటున్నాను. మూసిన పాఠాలు తెరిచాను, మనసు కుదుటపడ్డాకే చేసుకోండి. పోయినావిడ పేరు చెప్పగలరా? ప్రార్థనలో తలుచుకుంటాను." ఇంత మంచివాణ్ణా మోసం చేశాను అనుకుంది పెర్లిటా. అయినా పేరు ఇవ్వకపోతే బాగుండదు కదా. "సెల్సా" అని రాసింది. చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక్క పాఠం కూడా ముందుకు సాగలేదు.

ఆదివారం పదకొండయ్యేసరికి వాకిలి నిండిపోయింది. ఊరి పెద్ద గావినోను అందరూ కాప్ అంటారు. ఆయన పంచాయతీ షామియానా పంపించాడు. ఊరికంతటికీ ఆ నీలం షామియానా ఒక్కటే. పెళ్ళయినా అదే, చావయినా అదే. కిందటి నెల చేపల లూసింగ్ చనిపోతే దాని కిందే తొమ్మిది రోజులు పేకాట ఆడారు. ఆ ఊళ్ళో చావింట్లో కూడా పొయ్యి ఆరదు, పేక ఆగదు, వచ్చినవాళ్ళు నవ్వుకుంటూనే ఉంటారు, దుఃఖంలో ఉన్న ఇంటిని ఒంటరిగా వదలకూడదని. శవపేటిక కనిపిస్తే చావు, కనిపించకపోతే విందు, అంతే తేడా. షామియానా అంచు గేటు దాటి రోడ్డువైపుకి వేలాడి, ఫ్లెక్సీ కింది అక్షరాలను పూర్తిగా కప్పేసింది. రోడ్డు మీంచి చూస్తే పెర్లిటా ముఖమూ, మేఘాలూ, పావురాలూ మాత్రమే కనిపిస్తున్నాయి.

ఆ రోడ్డు మీదే ఊళ్ళ మధ్య జనాన్ని తిప్పే జీప్నీ బండి ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న బట్టతలాయన ఒకడు, తన నడుమంత ఎత్తున్న తెల్లపూల చక్రాన్ని కావలించుకుని దిగాడు. బెనిల్దో మాస్టారు. ఆదివారాలు పక్క ఊళ్ళో ఉన్న అక్కగారింటికి వస్తాడట. కాలేజీ పుస్తకంలో చిరునామా చూసి, దారిలోనే కదా అని దిగాడు. మంచితనానికి అంతకంటే ఏం కావాలి!

గేటు దగ్గర ఆగి, ఫ్లెక్సీకేసి చూసి, శిలువ గుర్తు వేసుకున్నాడు. అయిదు వారాల్లో పెర్లిటా ముఖం ఆయన ఒక్కసారీ చూసింది లేదు. పోయినావిడ డెబ్భై దాటినావిడ అని వినలేదు గానీ, అత్తగారంటే పెద్దావిడే అయుండాలి, పోయినవాళ్ళకి పడుచుతనంలో ఫోటోనే పెడతారు కదా అనుకున్నాడు. షామియానా కింద పేకాట, వంటల పొగ, గుసగుసలు, నవ్వులు. శవపేటిక లేదంటే నలభయ్యో రోజు ప్రార్థన కాబోలు, మిగతా అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఎదురొచ్చిన ముసలావిడ మాత్రం ఎర్రగౌను వేసుకుంది. చావింట్లో ఎరుపా! ఆయన చూపు తిప్పుకున్నాడు.

"నేను పెర్లిటా గారికి చరిత్ర చెప్పే మాస్టారినమ్మా," అన్నాడు తలొంచి.

నానయ్ ఎర్రగౌను సర్దుకుంది. రిబ్బను ఇచ్చిన మాస్టారు స్వయంగా పూలతో వచ్చాడు! "రండి సార్, రండి! మా ఇల్లు పావనమైంది!" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"సెల్సా గారి గురించి మీ పెర్లిటా రాసిందమ్మా. ఈ ఇంటికి ఆవిడ మూలస్తంభమట."

"అలా రాసిందా!" నానయ్ ముఖం చేటంత అయింది. "ముఖం మీద ఒక్కమాట అనదు సార్, మనసులో ఎంత ఉందో చూడండి."

"చివరిదాకా వంటింట్లో పనిచేస్తూనే ఉన్నారటగా."

"సెల్సా ఎక్కడికి పోతుంది సార్, ఆ వంటిల్లు వదిలి!" అంది నానయ్, తన గురించి తనే గొప్ప చెప్పుకోవడానికి సిగ్గుపడి పరాయిదాని గురించి చెప్పినట్టు. "ఇవాళ కూడా కోడి కూయకముందే వచ్చి పొయ్యి రాజేసింది. పంది చర్మం మీద నూనె రాసింది. నమ్మకపోతే పక్కింటివాళ్ళని అడగండి, అందరూ చూశారు."

మాస్టారి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "అందరూ చూశారా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"కేకలేస్తుంది కూడా సార్. ఉప్పు ఎక్కువైందని ఎలిసియోని గరిటెతో కొట్టింది."

ఆయన మళ్ళీ శిలువ వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెర్లిటా పెద్దపళ్ళెంలో నూడుల్స్ పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చింది. గుండ్రంలోని బట్టతల ఈసారి గుండ్రం లేకుండా కుర్చీలో ఉంది. పక్కన తెల్లపూల చక్రం. కాళ్ళు వెనక్కి పోదామంటున్నాయి, వెనక గుమ్మంలో గిన్నెలు మోసుకొస్తున్న ఆడవాళ్ళు అడ్డంగా ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"అదిగో నా కోడలు! రావే, నీ మాస్టారు!"

మాస్టారు లేచి నిలబడ్డాడు. కోడలి ముఖం చూశాడు, గేటు మీది ముఖం చూశాడు. రెండూ ఒక్కటే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముఖాలు మారలేదు.

"సార్, మీకు ఆలస్యమవుతుందేమో, జీప్నీ వచ్చే వేళయింది," అంది పెర్లిటా ఊపిరాడక.

"అవునమ్మా, వెళతాను," అన్నాడాయన. నిజంగానే వెళ్ళాలని ఉంది ఆయనకి.

"తినకుండా వెళతారా! సరే, పోనీ పట్టుకెళ్ళండి," అని నానయ్ అప్పటికే పంది మాంసం, కరకరలాడే చర్మంతో సహా, అరిటాకులో ఇంత మూట కట్టి ఆయన చేతుల్లో పెట్టబోయింది. ఆయన వేడి పెనం తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు. చావింటి తిండి మెతుకు కూడా ఇంటికి తీసుకెళ్ళకూడదు, తీసుకెళితే చావు వెంటబడి వస్తుందని అక్కడ చంటిపిల్లకి కూడా తెలుసు. విందింటి మూట వద్దంటే ఆ ఇంటిని కాలితో తన్నినట్టేనని కూడా అంతే బాగా తెలుసు.

"వద్దమ్మా, క్షమించాలి, తీసుకెళ్ళకూడదు."

"ఎందుకు తీసుకెళ్ళకూడదు? మా పంది మీకు ఆనదా?"

"పందిని అనడం లేదమ్మా!"

"మరి నన్నా?"

పేకాట ఆగిపోయింది. ట్రైసికిల్ వాళ్ళు ముక్కలు గుండెలకు ఆనించుకుని చూస్తున్నారు. నానయ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంగతి చెడుతోందని ఎలిసియో పూలచక్రాన్ని ఎత్తి అందరికీ కనపడేలా నిలబెట్టాడు. "మాస్టారు ఇంత గౌరవం చేస్తే గొడవెందుకు నానయ్? చూడు, రిబ్బను మీద ఏదో రాయించారు కూడా."

"పెర్లీ, చదవ్వే," అంది నానయ్ ముక్కు తుడుచుకుంటూ. "చదువుకున్నదానివి. అందరికీ వినపడేలా చదువు."

ఊదారంగు రిబ్బను మీద వెండి అక్షరాలు. పెర్లిటా చదివింది. మనసులో చదివింది. పైకి మాత్రం, "సెల్సా గారి... కుటుంబానికి... అభినందనలు," అంది. గొంతు కోడిపిల్ల గొంతులా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

ఒక్క కాప్ గావినో మాత్రం కొట్టలేదు. ఊరి పెద్ద కదా, ఏ కాగితమైనా స్వయంగా చదవనిదే సంతకం పెట్టని అలవాటు. జేబులోంచి కళ్ళజోడు తీసుకుని దగ్గరికొచ్చి, గట్టిగా, ప్రకటన చదివినట్టు చదివాడు. "సెల్సా గారి ఆత్మకు శాంతి కలుగుగాక."

ఎక్కడో పళ్ళెం మీద చెంచా పడిన చప్పుడు. ఎవరో ముసలమ్మ అలవాటు కొద్దీ "ఆమెన్" అనేసి నాలిక కరుచుకుంది.

"ఆ పూల దుకాణం వాళ్ళ పనే ఇది!" అని ఎలిసియో మండిపడ్డాడు. "ఎవరి చావు రిబ్బనో తెచ్చి మా అమ్మకి కట్టారు! బతికున్న మనిషికి! ఇప్పుడే వెళ్ళి ఆ దుకాణం సంగతి తేలుస్తాను!"

"మేమూ వస్తాం పద," అని ట్రైసికిల్ వాళ్ళు నలుగురు లేచారు. గేటు బయట ఇంజన్లు స్టార్టయ్యాయి. మాస్టారు ఆ ముసలావిడకేసి, ఎర్రగౌనుకేసి, వంటింటి పొగకేసి చూశాడు. రిబ్బను మీది పేరు ఎవరిదో, గేటు మీది ముఖం ఎవరిదో, ఆయనకి ఒక్కటొక్కటిగా అర్థమయ్యాయి. చరిత్ర మాస్టారు కదా, ఆధారాలు దొరికితే ముడి విప్పుకోగలడు. పెర్లిటాకేసి ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"దుకాణాన్ని ఏమీ అనకండి బాబూ," అన్నాడు. "పేరు రాయించింది నేను. పొరపాటు నాదే అయుంటుంది. ముసలివాణ్ణి, ఒకరి పేరు ఒకరిదనుకుని ఉంటాను. అమ్మా, మీరు నన్ను క్షమించాలి."

అని, ఆ పెద్దమనిషి నానయ్ ముందు నిజంగానే తలవంచాడు.

పెర్లిటా అంతదాకా అన్నీ మింగింది. తన తప్పుకి ఆయన తలొంచడం మాత్రం మింగుడుపడలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టేసి, "ఆయనది కాదు! నేనే చంపాను!" అని అరిచింది.

ఇంజన్లు ఆగిపోయాయి.

"ఎవర్ని?" అన్నాడు కాప్, అధికారికంగా.

"నానయ్‌ని." అక్కణ్ణించి ఆగలేదు. అయిదు సున్నాలు, తాళాలు, చదవకుండా నొక్కిన నిబంధనలు, పేరు రాసినందుకొచ్చిన రిబ్బను, ఉత్తరం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. తల కొట్టేసినట్టుంది. చుట్టూ నిలబడ్డవాళ్ళ చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి, ఎవరి చెప్పులు ఎవరివో ఆమెకు తెలుసు. బాలవాడి పిల్లల తల్లులవి, తండ్రులవి. "నాకు చదువూ రాలేదు, ఏమీ పూర్తి కాలేదు. అది దింపెయ్యండి," అని గేటుకేసి చెయ్యి చూపించింది.

నానయ్ కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"ఎలా పోయాను?" అంది.

"నిద్రలో నానయ్. గుండె ఆగి."

"నొప్పి లేకుండానా?"

"అస్సలు లేకుండా."

"ఆహా." ముసలావిడ తలాడించింది. "మీ మామ దగ్గి దగ్గి పోయాడు. నాకు మంచి చావే ఇచ్చావు." అని ఆగి, ఈసారి గొంతు తగ్గించింది. "అయినా పెర్లీ, చదువు అవలేదు నానయ్ అని నాతో ఒక్కమాట అనడం కంటే నన్ను చంపడమే తేలికైందా నీకు?"

పెర్లిటా అంతకుముందు పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. వెళ్ళి అత్తగారి చెయ్యి తీసుకుని, పెద్దలకు దణ్ణం పెట్టే పద్ధతిలో నుదుటికి ఆనించుకుంది. ముసలావిడ చెయ్యి లాక్కోలేదు. లాక్కోకపోగా, ఆ చేత్తోనే నెత్తి మీద ఒక్కటి మొట్టింది, కణుపులతో, గట్టిగా.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను," అన్నాడు. "ఏ ఏడాది చూసినా ఆరో వారం వచ్చేసరికి నా విద్యార్థుల ఇళ్ళల్లో ముసలివాళ్ళు టపటపా రాలిపోతారు. ఒక కుర్రాడికి నాయనమ్మలే నలుగురు పోయారు. అలా పోయినావిడ లేచి నాకు అన్నం పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి." తరవాత పెర్లిటాకేసి తిరిగాడు. "మీరు చదివానని నొక్కిన కాగితంలో ఏడో పేరా ఏముందో తెలుసా అమ్మా?"

ఆమె అడ్డంగా తలూపింది.

"వెనకబడ్డవాళ్ళు ఎవరైనా సరే, ఆరో వారం ముగిసేలోపల ఒక్క ఉత్తరం రాస్తే పాఠాలన్నీ పదిరోజులపాటు మళ్ళీ తెరుస్తాం. కారణం చెప్పనక్కర్లేదు. అడగం కూడా."

కాప్ గావినో, "అయితే అనవసరంగా పోయిందన్నమాట నానయ్," అన్నాడు విచారంగా. ఆ మాటతో ముందు నవ్వింది నానయ్యే. ఆమె నవ్వాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. పెర్లిటా కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

"పాఠాలు తెరిచే ఉంటాయి," అన్నాడు మాస్టారు. "కానీ అబద్ధం అబద్ధమే. దానికి వేరే శిక్ష ఉంది. ఈ రెండు రోజులూ ఈ ఇంట్లో జరిగిందంతా చరిత్రలా రాసి నాకు పంపాలి. ఎవరు ఏం నమ్మారు, ఏ ఆధారం చూసి నమ్మారు, ఎవరు ఏం చూశారు, చూడకుండానే చూశామన్నవాళ్ళు ఎవరు. సాక్షుల్ని అడగాలి. మీకు ఇబ్బందైన చోట దాటెయ్యకూడదు."

"అన్నీ ఇబ్బందైన చోట్లే సార్."

"అయితే పొడుగ్గా వస్తుంది," అని ఆయన కుర్చీ జరుపుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. నానయ్ ఆయన ముందు అరిటాకు పరిచింది. వెళ్ళేటప్పుడు మూట ఒకటి కాదు, రెండు పట్టుకెళ్ళాడు.

ఆ పదిరోజులూ పెర్లిటా పొద్దున బాలవాడి, సాయంత్రం చరిత్ర. వారానికి నలభై పేజీలు, అయిదు వారాలవి. పందొమ్మిదేళ్ళ పిల్లలకు జవాబులు రాసింది. మొదటి జవాబులోనే, నాకు ఏమీ కాలేదు, సోమరితనం తప్ప, అని రాసింది. శిక్ష కాగితం కోసం సాక్షుల్ని అడగడం అన్నిటికంటే కష్టమైంది. ఒక్కొక్కరి గుమ్మంలో నిలబడి, నేను సిగ్గుపడుతున్నప్పుడు మీరెక్కడ నిలబడి చూశారండీ అని అడగాలి కదా! కాప్ తను రిబ్బను చదవగానే మోసం పసిగట్టానన్నాడు. ఎలిసియో తను దుకాణం మీదికి వెళ్ళనే లేదన్నాడు. ఆమెన్ అన్న ముసలమ్మ అసలు విందుకే రాలేదంది. నానయ్ మూడుసార్లు మూడు రకాలుగా చెప్పి, మూడోసారి చెప్పినదే రాయమని పట్టుబట్టింది. అందులో పంది ఇంకా పెద్దది.

పెర్లిటా అన్నీ రాసింది, తన ఉత్తరం కూడా అక్షరం మార్చకుండా ఎక్కించింది.

ఫలితం మే నెలలో వచ్చింది. గట్టెక్కడానికి ఎంత కావాలో సరిగ్గా అంతే వచ్చింది, ఒక్క చుక్క కూడా ఎక్కువ లేదు. బాలవాడి నిలిచింది. నానయ్ కళ్ళజోడు పెట్టించుకుని, కోడలి పక్కన కూర్చుని, శిక్ష కాగితం చివర మాస్టారు రాసినదాన్ని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పైకి చదివింది:

"ఆధారాలు గట్టివి. సాక్షులు ఉత్సాహవంతులు. రాసినావిడ ఎవరైనా పోయారని చెబితే మాత్రం, వెళ్ళి చూసుకునే నమ్మాలి."